పెద్దపాపని అత్తారింట్లో వదిలి పురిటికి వెళ్ళాలా? వెంట తీసుకెళ్ళాలా?

రెండోకాన్పు_టెన్షన్
నాకు ఎనిమిదో నెల నడుస్తోంది. డేట్ అక్టోబరు ఆఖరి వారం ఇచ్చారు. మేం ఉండేది విజయనగరం, కోట దగ్గర. పుట్టిల్లు నరసన్నపేట పక్కన పల్లెటూరు. పెద్దపాపకి రెండేళ్ళ నాలుగు నెలలు. గొడవంతా దాని గురించే.

పాపని ఇక్కడే ఉంచేసి వెళ్ళమని అత్తగారు, మావయ్యగారు అంటున్నారు. "మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులు. బాలింతని చూసుకుంటుందా, చంటిబిడ్డని చూసుకుంటుందా, దీని వెనక పరిగెడుతుందా?" అని. ఆ మాట అబద్ధమూ కాదు. మా అమ్మ రెండు మెట్లు ఎక్కాలన్నా గోడ పట్టుకుంటుంది. నాన్నకి పొలం పని. మా ఆయనకి విశాఖలో ప్రైవేటు ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్ళి రావడం. పొద్దున్న ఆరున్నరకి గుమ్మం దాటితే మళ్ళీ ఇంట్లో కనిపించేది రాత్రి ఎనిమిదికే.

పాపకి మామ్మ దగ్గర బాగా అలవాటు. స్నానం, అన్నం అన్నీ ఆవిడే. కానీ నిద్ర మాత్రం నా దగ్గర. నా కుడి చెవి తమ్మె రెండు వేళ్ళతో పట్టుకుని నలుపుతూ పడుకుంటుంది. గుచ్చుకుంటుందని రాత్రుళ్ళు ఆ ఒక్క దుద్దు తీసి తలగడ కింద పెడతాను. నడిరాత్రి మెలకువ వచ్చినా కళ్ళు తెరవదు, చెయ్యి మాత్రం చెవి కోసం వెతుకుతుంది. మూడు నెలల పాటు ఆ చెయ్యి దేన్ని వెతుక్కుంటుంది?

దసరా దాటగానే పైడితల్లమ్మ సిరిమాను పండగ, మా ఇల్లు చుట్టాలతో కిటకిటలాడుతుంది. దాని ముందురోజు జరిగే తొలేళ్ళ నాటికి నన్ను ఊరు పంపించెయ్యాలని పెద్దవాళ్ళ పట్టుదల. అంటే నా చేతిలో ఉన్నది మూడు వారాలు.

వీధిలోవాళ్ళది ఇంకో రకం సరదా. "తమ్ముడొస్తే నిన్నెవరు చూస్తారే? నిన్ను తవుడు పోసి కొన్నాం కదా" అని దాన్ని ఆటపట్టిస్తున్నారు. నిన్న వచ్చి "అమ్మా, తవుడంటే ఏంటి?" అని అడిగింది. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

తీసుకెళ్ళినవాళ్ళూ వదిలి వెళ్ళినవాళ్ళూ, ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

గంటస్తంభం_దగ్గర
తీసుకెళ్ళిపోండి. ఇందులో ఆలోచించడానికేముంది.

మామ్మ_మాట
ఆలోచించడానికి చాలా ఉంది బాబూ, నువ్వు కన్నావేటి? నేను నలుగుర్ని కన్నాను. రెండో కాన్పుకి పెద్దోణ్ణి అత్తారింట్లో ఒగ్గీసి ఐదు నెలలు పుట్టింట్లో ఉన్నాను. వాడికిప్పుడు రైల్వేలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఏటయ్యింది వాడికి? ఆ వయసు గుంటలకి ఏదీ గుర్తుండదు. బాలింతకి కావలసింది నిద్ర, వేడన్నం, వెల్లుల్లి కారం. పురిట్లో నిద్ర లేకపోతే ఆ నడుం నొప్పి ముసలితనం దాకా వదలదు. మీ అత్తగారు మంచి మాటే చెప్పింది తల్లీ.

చీపురుపల్లి_కోడలు
మామ్మగారూ, మా వాడికీ గుర్తు లేదు. నాకుంది.

నాలుగేళ్ళ కిందటి సంగతి. వాడికి అప్పటికి రెండేళ్ళు నిండాయి. సరిగ్గా ఇవే కారణాలు చెప్పి వాణ్ణి ఇక్కడే ఉంచేశారు. రోజూ వీడియో కాల్ చేసేదాన్ని. మొదటి వారం ఫోన్ చూడగానే ఏడుపు. రెండో వారం ఫోన్ బోర్లా పెట్టేసేవాడు. "ఎందుకమ్మా వాణ్ణి ఏడిపిస్తావు, ఆడుకుంటున్నాడు కదా" అని అత్తగారు కాల్స్ తగ్గించారు. మూడో నెల వెళ్ళాక చిన్నదాన్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడితే, వాడు మామ్మ కొంగు వెనక్కి వెళ్ళిపోయాడు. "ఎవరురా వచ్చారు?" అని మావయ్యగారు అడిగితే "ఫోన్లో అమ్మ" అన్నాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రాత్రి నా పక్కన పడుకోడానికి వాడికి ఇంకో ఇరవై రోజులు పట్టింది.

గంటస్తంభం_దగ్గర
ఫోన్లో అమ్మ... పొద్దున్నే ఇది చదివాను, ఇక ఆఫీసు పని సాగినట్టే.

పలాస_జీడిపప్పు
తవుడు సంగతి. మా ఇంట్లో ముగ్గురం. నన్ను తవుడుకి కొన్నారట, తమ్ముణ్ణి ఉప్పుకి, చెల్లిని పాత చీరలిచ్చి స్టీలు సామాన్లమ్మి దగ్గర తీసుకున్నారట. మొత్తం సంతానం మీద మా నాన్న ఒక్క రూపాయి ఖర్చు పెట్టలేదు. ఆయన పొదుపు అలాంటిది.

కానీ చెల్లి తొమ్మిదేళ్ళ దాకా నమ్మింది. స్టీలు సామాన్లమ్మి వీధిలో కేక వేస్తే మంచం కింద దూరేది.

బొబ్బిలి_మేష్టారు
జీడిపప్పు గారు నవ్వుతూ చెప్పారు గానీ ఆ చివరి వాక్యం మళ్ళీ చదవండి. రెండేళ్ళ పిల్లకి వేళాకోళం తెలియదు, విన్నదంతా నిజమే. మా వీధిలో ఒకావిడ ఇలాగే అంటుంటే మా పెద్దాడి ఎదురుగానే చెప్పాను: "లేదండీ, వీణ్ణి మేం కొనలేదు, వాళ్ళమ్మ కడుపులోంచే వచ్చాడు, వచ్చిన రోజు బాగా వాన." ఆవిడకి కోపం వచ్చింది. వాడు మాత్రం ఆ వాన కథ రోజూ చెప్పించుకునేవాడు.

ఇంకోటి. "తమ్ముడు వస్తాడు" అని పిల్లకి నూరిపోయనివ్వకండి. కడుపులో ఎవరున్నారో స్కానింగులో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం. మరి ఈ వీధి జనానికి తమ్ముడని ఎవరు చెప్పారో! చెల్లి పుడితే మీ పాప "తమ్ముడేడీ?" అని అడుగుతుంది, ఆ మాట పట్టుకుని చుట్టాలు ఇంకో పది అంటారు. "బుజ్జిపాపాయి" అనండి, సరిపోతుంది.

రెండోకాన్పు_టెన్షన్
మేష్టారూ, నిజం. మొన్న కిరాణా కొట్టాయన కూడా "తమ్ముడికి చాక్లెట్ దాచిపెట్టు" అన్నాడు దాంతో. అది వెంటనే తినేసింది, అది వేరే సంగతి.

చీపురుపల్లి అక్కా, మీ పోస్టు మా ఆయనకి చూపించాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపయ్యాక వెళ్ళి పాప పక్కన పడుకున్నారు. అది చెవి పట్టుకోబోయి, నాది కాదని తెలిసి, చెయ్యి తీసేసింది.

చీపురుపల్లి_కోడలు
అసలు ప్రశ్న అక్కడే ఉందమ్మా. అత్తగారు, అమ్మ, మోకాళ్ళు, పొలం... అందరూ వచ్చారు ఈ కథలో. పిల్ల తండ్రి రైల్లో ఉన్నాడు.

పలాస_జీడిపప్పు
ఆ రైలు లేటు కూడా అయి ఉంటుంది.

బొబ్బిలి_మేష్టారు
తండ్రుల తరఫున కాదు, నా అనుభవం చెబుతాను. మాలాంటి రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకి పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు వాళ్ళకి చట్టమేదీ లేదు, కంపెనీ దయ. మా రెండోది పుట్టినప్పుడు ఆ సెలవు ఎక్కడ వాడానో తెలుసా? ఆసుపత్రిలో కాదు. ఆసుపత్రిలో నా పని బిల్లులు కట్టడం, కాఫీ తేవడం, అది మా బావమరిది చేశాడు. నేను పెద్దాడితో ఉన్నాను. స్నానం, అన్నం, నిద్ర, రాత్రి పక్క తడిపితే దుప్పటి మార్చడం.

అయితే అసలు పని అంతకు నెల ముందు మొదలెట్టాం. వాడు వాళ్ళమ్మ దగ్గరే పడుకునేవాడు. ముందు వారం నేను వాళ్ళిద్దరి పక్కన. తర్వాత వాడు మధ్యలో. ఆ తర్వాత వాళ్ళమ్మ అవతల గదిలో, తలుపు తీసి. మొదటి మూడు రాత్రులు నరకం. నాలుగో రాత్రి నా బొజ్జ మీద చెయ్యి వేసి పడుకున్నాడు. మీ ఆయన రాత్రి ఎనిమిదికి వస్తారన్నారు కదా, పాప పడుకునేది తొమ్మిదికో తొమ్మిదిన్నరకో అనుకుంటా. ఆ గంట ఆయనకి అప్పగించండి. మూడు వారాలు తక్కువేం కాదు.

మామ్మ_మాట
మగాడు పిల్లని పడుకోబెడతాడా! మా కాలంలో మా ఆయన పిల్లాణ్ణి ఎత్తుకోడానికి కూడా అటూ ఇటూ చూసేవాడు, వాళ్ళమ్మ చూస్తుందేమోనని.

నర్సమ్మ_డ్యూటీలో
నైట్ డ్యూటీలో ఉన్నాను, కాస్త ఖాళీ దొరికింది. శ్రీకాకుళం జిల్లాలో పల్లెల్లో పదమూడేళ్ళుగా చేస్తున్నాను. తీసుకెళ్ళాలా వద్దా అనేది మీ ఇంటి విషయం. తీసుకెళ్ళేవాళ్ళు మరిచిపోయేవి మాత్రం చెబుతాను.

ముందు పెద్దపాప టీకా కార్డు తీసి చూడండి. 16 నుంచి 24 నెలల మధ్య ఎం.ఆర్. (తట్టు, రుబెల్లా) రెండో డోసు, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టరు పడాలి. రెండో కడుపు వేవిళ్ళలో ఉండి ఆ టీకాలు మరిచిపోయే తల్లులు ఎంతమందో. పుట్టిన బిడ్డకి ఆసుపత్రిలో బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి వేస్తారు. కోరింత దగ్గుకి టీకా మొదలయ్యేది ఆరో వారంలోనే, తర్వాత పది, పద్నాలుగు వారాలకి. అప్పటిదాకా చంటిబిడ్డకి ఇంట్లోవాళ్ళే అడ్డుగోడ. పెద్దపిల్లకి టీకాలు పడి ఉంటే ఆ గోడ గట్టిగా ఉంటుంది. జలుబు చేస్తే చేతులు కడిగించండి, ముద్దులు కాళ్ళకి పెట్టించండి. "ముద్దు పెట్టకు, దూరం జరుగు" అని తరిమితే జలుబు తగ్గుతుంది గానీ కుళ్ళు పెరుగుతుంది.

రెండోది, పుట్టింటి ఊళ్ళో ఆశా కార్యకర్తకి ముందే చెప్పండి. ఆసుపత్రిలో కాన్పు అయ్యాక ఆశా ఇంటికొచ్చి చూడాల్సిన రోజులు 3, 7, 14, 21, 28, 42. పేరు అత్తారి ఊళ్ళో ఉంటుంది, మనిషి పుట్టింట్లో ఉంటుంది, ఎవరి లెక్కలోనూ ఉండదు. మాకు రోజూ ఉండే తలనొప్పి ఇది.

ఆపరేషన్ అయితే ఆరు వారాలు పెద్దపాపని ఎత్తుకోకూడదు. ఆ వయసు పిల్ల పది పన్నెండు కిలోలు ఉంటుంది. మీరు మంచం మీద కూర్చోండి, దాన్నే ఎక్కి ఒళ్ళోకి రానివ్వండి. "అమ్మకి నొప్పి" అంటే వింటారు, "చెల్లి ఉంది, ఇప్పుడు కాదు" అంటే వినరు.

పక్క తడపడం, మళ్ళీ పాలు కావాలనడం, వచ్చిన మాటలు మానేసి చంటిపిల్లలా గీపెట్టడం, ఇవన్నీ వస్తాయి. రోగం కాదు. తిట్టకపోతే వాటంతటవే పోతాయి.

చంటిబిడ్డకి గంటలోపు ముర్రుపాలు, ఆరు నెలలు తల్లిపాలు తప్ప ఏమీ వద్దు. తేనె వద్దు, వస వద్దు, ఆముదం వద్దు, గదినిండా సాంబ్రాణి పొగ వద్దు.

మామ్మ_మాట
అన్నీ వద్దంటే పిల్లలెలా పెరిగారమ్మా ఇన్నాళ్ళూ? వస రాయకపోతే మాటలెలా వస్తాయి?

నర్సమ్మ_డ్యూటీలో
పెరిగినవాళ్ళే మీకు కనిపిస్తారు మామ్మా. వస పడ్డాక కక్కుకుంటూ, మత్తుగా వాలిపోయి మా దగ్గరికి వచ్చిన పిల్లల్ని నేను చూశాను. మాటలు మనం మాట్లాడితే వస్తాయి.

పలాస_జీడిపప్పు
నాకు వస కొంచెం ఎక్కువ పట్టించారని మా ఆవిడ అభిప్రాయం.

మామ్మ_మాట
ఈ జీడిపప్పుని ఎవరైనా నోరు మూయించండి. నర్సమ్మా, సాంబ్రాణి మాత్రం నేను మానను. గది బయట వేస్తాను, సరేనా.

నర్సమ్మ_డ్యూటీలో
గది బయట, వీధి చివర, సరే.

ఉద్దానం_కొబ్బరి
నేను ఇద్దర్నీ పుట్టింట్లోనే చూసుకున్నాను, అదీ ఎప్పుడు? 2018 అక్టోబరులో. చిన్నాడు పుట్టిన తొమ్మిదో రోజు తిత్లీ తుపాను తీరం దాటింది. పదకొండో తారీఖు తెల్లవారుజాము. పెంకులు ఎగిరిపోతుంటే నేను చంటాణ్ణి, మా అమ్మ పెద్దదాన్ని పట్టుకుని వంటింటి గట్టు కింద కూర్చున్నాం. తెల్లారి చూస్తే పెరట్లో కొబ్బరి చెట్లు ఒక్కటి నిలబడలేదు, జీడితోట నేలమట్టం. పన్నెండు రోజులు కరెంటు లేదు. మోటారు లేదు, నీళ్ళు లేవు, చంటాడి గుడ్డలు ఆరే ఎండ లేదు.

ఆ పన్నెండు రోజులూ నా మూడేళ్ళ పిల్ల ఏం చేసిందో చెబితే నమ్మరు. విసనకర్ర పట్టుకుని తమ్ముడి పక్కన కూర్చునేది. ఐదు నిమిషాలు విసిరి, చెయ్యి మార్చి, మళ్ళీ విసిరేది. ఎవరూ చెప్పలేదు. దాన్ని అత్తారింట్లో వదిలి ఉంటే ఆ తుపాను రాత్రి నేను దాని గురించి ఏడుస్తూ, అది నా గురించి ఏడుస్తూ ఉండేవాళ్ళం. ఫోన్లు కూడా లేవు కదా.

మీదీ అక్టోబరే. భయపెట్టడానికి కాదు గానీ మన తీరానికి అది తుపానుల నెల. వాయుగుండం వార్త వస్తే నొప్పులదాకా ఆగకుండా ముందే టౌన్‌లో చుట్టాలింటికి వెళ్ళిపోండి. టార్చి, పవర్ బ్యాంకు, పాత నూలు చీరలు నాలుగు అదనంగా పెట్టుకోండి. చంటిబిడ్డకి మెత్తటి పాత చీరని మించిందేదీ లేదు.

గంటస్తంభం_దగ్గర
విసనకర్ర పిల్ల ఇప్పుడెలా ఉంది?

ఉద్దానం_కొబ్బరి
పదేళ్ళు. తమ్ముడు రిమోట్ తీసుకుంటే అదే చేత్తో వీపు మీద ఒకటేస్తుంది.

అరసవల్లి_సూర్యం
ఇక్కడ అందరూ తల్లులే మాట్లాడుతున్నారు. వదిలేసిన ఆ పెద్దపిల్లాణ్ణి నేను.

చెల్లి పుట్టినప్పుడు నాకు మూడేళ్ళు. మూడు నెలలకని ఎస్.కోటలో అమ్మమ్మ దగ్గర ఉంచారు. అమ్మకి ఆరోగ్యం బాగోక మూడు నెలలు రెండేళ్ళయ్యాయి. ఇప్పుడు నాకు ముప్పై ఆరు. దుఃఖమా అంటే కాదు. అమ్మమ్మ నన్ను నెత్తిన పెట్టుకుంది. రోజూ చోడి అంబలి, పనసతోట, పక్కింటి కుక్క, రాజాలా పెరిగాను. చీపురుపల్లి గారు రాసినంత బాధ నాకైతే లేదు.

కానీ ఒకటుంది. జ్వరం వస్తే ఇప్పటికీ నా నోట వచ్చే మాట "అమ్మమ్మా". మా అమ్మ మంచం పక్కనే ఉన్నా. ఆవిడ ఏమీ అనదు, తడిగుడ్డ మార్చి వెళ్ళిపోతుంది. ఆ రెండేళ్ళ గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఎవరి తప్పూ లేదు, మాట్లాడుకోడానికేముంది.

మామ్మగారు అన్నట్టు పిల్లలకి గుర్తుండదు. నాకూ ఒక్క రోజు గుర్తు లేదు.

మామ్మ_మాట
బాబూ, నీ పోస్టు చదివి మా పెద్దోడికి ఫోన్ చేశాను. "ఏటమ్మా ఈ టైములో" అన్నాడు. ఊరికే అన్నాను.

చీపురుపల్లి_కోడలు
❤

గంటస్తంభం_దగ్గర
అసలు ఇంకో దారి ఎవరూ ఎందుకు అనట్లేదు? వాళ్ళమ్మగారే విజయనగరం వచ్చి ఉండొచ్చు కదా?

రెండోకాన్పు_టెన్షన్
అడిగాను. "వియ్యాలవారింట్లో కూర్చుని కూతురికి పురుడు పొయ్యమంటావా, నలుగురూ ఏమంటారు?" అంది అమ్మ. నలుగురూ ఎవరో పేర్లు అడిగితే చెప్పదు.

గంటస్తంభం_దగ్గర
అయితే తిరగేయండి. మీ అత్తగారినే నరసన్నపేట తీసుకెళ్ళండి. పిల్లని చూసేది ఎలాగూ ఆవిడే కదా. మనిషి ఆవిడే, ఊరు మారుతుంది, అంతే.

పలాస_జీడిపప్పు
వియ్యపురాళ్ళిద్దరూ ఒకే వంటింట్లోనా? తిత్లీ చాలలేదా మీకు?

మామ్మ_మాట
నవ్వకండి. ఈ కుర్రాడు మొదటిసారి బుద్ధిగా మాట్లాడాడు. కానీ మొగపిల్లాడి తల్లి తనంతట తను రాదు. వాళ్ళమ్మ వెళ్ళి బొట్టుపెట్టి పిలవాలి. "మాకు చేతకాదు, మీరొస్తేనే గడుస్తుంది" అనాలి. ఆ ఒక్క మాట పడితే ఏ అత్తగారైనా కదులుతుంది. నేను అత్తగారినే, నాకు తెలుసు.

చీపురుపల్లి_కోడలు
మామ్మగారు పార్టీ మార్చారు!

మామ్మ_మాట
పార్టీ కాదు, గుంట చెవి పట్టుకుని పడుకుంటుందని రాసింది కదా ఆ పిల్ల. రాత్రి నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

చీపురుపల్లి_కోడలు
తీసుకెళ్తే ఒక చిట్కా చెబుతాను, రెండోదప్పుడు పెద్దాణ్ణి వదిలేసి తప్పు చేసినదాన్ని, మూడోదప్పుడు నేర్చుకున్నాను. పాలిచ్చే వేళకే పెద్దవాళ్ళకి మండుతుంది. అమ్మ కదలదు, చేతులు ఖాళీ లేవు. ఒక పాత బిస్కెట్ డబ్బాలో గవ్వలు, రంగు గుండీలు కుట్టిన గుడ్డముక్క, బొమ్మల పుస్తకం వేసి, పాలిచ్చేటప్పుడు మాత్రమే ఆ డబ్బా దింపేదాన్ని. గవ్వలు నోట్లో పట్టనంత పెద్దవి చూసుకోండి. వారం తిరిగేసరికి మా రెండోదే వచ్చి "అమ్మా, చెల్లికి ఆకలేస్తోంది" అనేది. డబ్బా కోసం.

పలాస_జీడిపప్పు
మూడోదా? మీరు మాటల మధ్యలో చెప్పేశారు గానీ అభినందనలు.

ఉద్దానం_కొబ్బరి
చీర ఉయ్యాల దగ్గర జాగ్రత్త. మా పిల్ల తమ్ముణ్ణి ఊపుతానని దూలానికి తగిలేలా ఊపింది ఒకసారి. ఇద్దర్నీ ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలకండి. ప్రేమతోనే మరమరాలు నోట్లో కుక్కేస్తారు.

రెండోకాన్పు_టెన్షన్
రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చాను. ఇద్దరూ పడుకున్నారు, ఒక చేత్తో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

చెల్లి పుట్టింది. శ్రీకాకుళంలో ఆసుపత్రి, మామూలు కాన్పు, రెండు కిలోల తొమ్మిది వందలు. మేష్టారు చెప్పింది నిజమైంది, వీధి జనమంతా "తమ్ముడనుకున్నాం" అన్నారు. మా పెద్దది మాత్రం బుజ్జిపాపాయే అడిగింది కాబట్టి బుజ్జిపాపాయే వచ్చిందని చాలా గర్వంగా ఉంది.

మామ్మగారూ, అమ్మ బొట్టుపెట్టి పిలిచింది. మోకాళ్ళతో బస్సెక్కి విజయనగరం వచ్చి మరీ. అత్తగారు "పండగ అయ్యాక చూద్దాం" అన్నారు. నేనూ పాపా తొలేళ్ళకి ముందే వచ్చేశాం. సిరిమాను మంగళవారం, ఆవిడ శుక్రవారం ఒక చిన్న సంచితో దిగారు. "మూడు రోజులుండి వెళ్తాను." ఇప్పటికి ఆ మూడు రోజులు నలభై దాటాయి.

జీడిపప్పు గారి తుపాను కూడా వచ్చింది, దాచను. కాయంలో బెల్లం ఎంత, బాలింతకి పెరుగు ఎన్నో రోజు, పసిదానికి నీళ్ళు ఎంత వేడి... ప్రతిదానికీ రెండు జిల్లాల మధ్య సరిహద్దు తగాదా. సాంబ్రాణి విషయంలో మాత్రం ఇద్దరూ ఏకమై నా మీదకొచ్చారు. నర్సమ్మ గారి పోస్టు చదివి వినిపించాను. ఇప్పుడు అరుగు మీద వేస్తున్నారు. ఆశా వచ్చి కార్డు చూసింది, పెద్దదానికి డీపీటీ బూస్టరు నిజంగానే పడలేదు. వేయించాం.

పదకొండో రోజు పురుడు. మా ఊళ్ళో నుయ్యి పూడ్చేశారు, బోరింగుకే పసుపు రాసి బొట్టు పెట్టించారు. పెద్దది తనూ పెడతానని గొడవ చేసి బోరింగు పిడికి, పైపుకి, పక్కనున్న మేకకి కూడా కుంకం పెట్టింది. మేక ఇంకా ఎర్రగానే ఉంది.

అన్నీ బాగున్నాయని అనను. రెండు వారాలు మళ్ళీ పక్క తడిపింది. చెల్లి ఉయ్యాలలో తను పడుకుని దిగనంది, దూలం కిర్రుమంది. ఒకరోజు "దీన్ని మళ్ళీ ఆసుపత్రిలో ఇచ్చేద్దాం" అంది. నేను ఒకసారి దాని మీద గట్టిగా అరిచాను, అది పారిపోయి మా నాన్న పంచె పట్టుకుంది. ఆ సాయంత్రం నాకు అన్నం సయించలేదు.

మా ఆయన శనివారం రాత్రి ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి బస్సులో వస్తున్నారు. ఆ మూడు వారాలూ ఆయన పడుకోబెట్టడం అలవాటు చేశారు, కానీ చెవి మాత్రం పాప ఒప్పుకోలేదు. ముక్కు పట్టుకుంటుంది. ఆయన నోటితో ఊపిరి పీల్చుకుంటూ పడుకుంటున్నారు.

నర్సమ్మ_డ్యూటీలో
మంచి మాట విన్నాను. రెండో కాన్పులో ఆడపిల్ల కాబట్టి కేంద్ర ప్రభుత్వ మాతృ వందన పథకం కింద, అర్హులైతే, 6000 రూపాయలు వస్తాయి, దరఖాస్తు పెట్టారా? అంగన్‌వాడీలో అడగండి, ఆలస్యం చేయకండి.

రెండోకాన్పు_టెన్షన్
ఇంకా లేదండీ, రేపే అడుగుతాను.

చీపురుపల్లి_కోడలు
కాన్పు రాత్రి ఎలా గడిచింది? నువ్వు ఆసుపత్రిలో, పాప ఊళ్ళో కదా. అది రాయలేదు.

రెండోకాన్పు_టెన్షన్
రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నానక్కా. పాప అత్తగారి దగ్గరే ఉంది. ఏడ్చిందా అని ఫోన్లో అడిగితే "లేదు, పడుకుంది" అన్నారు, అంతే. ఇంటికొచ్చాక గమనించాను, అత్తగారి కుడి చెవికి దుద్దు లేదు. పడిపోయిందేమో అని కంగారుపడి అడిగాను. కొంగు ముడి విప్పి చూపించారు. "గుచ్చుకుంటోందంది గుంట" అన్నారు. చెవి తమ్మె కందిపోయి ఉంది.

మామ్మ_మాట
ఎడమ చెవి?

రెండోకాన్పు_టెన్షన్
ఎడమది చిన్నదానికట. ఇప్పటినుంచే చెప్పి ఉంచారు.